హిట్ పాటల రేడియో ఎలా పుట్టింది? ఫార్మాట్ల చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక స్టేషన్ పెట్టగానే అక్కడ ఎలాంటి పాట వస్తుందో మనకు ముందే తెలిసిపోతుంది. ఇది దానంతటదే వచ్చిన అలవాటు కాదు. 1930లకూ 1980లకూ మధ్య, ఎక్కువగా అమెరికాలో, కొంతమంది కూర్చుని తయారుచేసిన పద్ధతి. ఈ చరిత్ర చదివేకొద్దీ నాకు ఒక విషయం గట్టిగా అనిపిస్తుంది: రేడియో పని అయిపోయిందని అందరూ అనుకున్న ప్రతిసారీ ఒక కొత్త ఫార్మాట్ పుట్టింది. పుట్టించినవాళ్లు పెద్ద సంగీత పండితులేమీ కారు. జనం నిజంగా ఏం వింటున్నారో దగ్గరుండి గమనించినవాళ్లు.

రేడియోలో ఫార్మాట్ అంటే ఏమిటి?

స్టేషన్ రోజంతా ఏ రకం పాటలు వేయాలి, ఏ పాట ఎన్ని గంటలకోసారి మళ్లీ రావాలి, మధ్యలో డీజే ఎంతసేపు మాట్లాడాలి, వార్తలూ ప్రకటనలూ ఎక్కడ పడాలి అని ముందే వేసుకున్న పద్ధతి. పాటల ఎంపిక అందులో ఒక భాగమే. అవే 30 పాటలు ఇద్దరికి ఇస్తే ఒకరి స్టేషన్ పరుగులు పెడుతుంది, ఇంకొకరిది ఈడుస్తూ నడుస్తుంది.

స్టేషన్లలో దీన్ని గడియారం బొమ్మగా గీసుకుంటారు. కాగితం మీద ఒక గుండ్రం, అందులో 60 నిమిషాలకు ముక్కలు. గంట మొదట్లో అందరికీ నచ్చిన హిట్, తర్వాత ఒక కొత్త పాట, ఆ వెంటనే మళ్లీ అందరూ ఎరిగిన పాట. కొత్త పాటను వీలైనంతవరకు రెండు తెలిసిన పాటల మధ్యే పెడతారు. తెలియనివి రెండు వరసగా వస్తే వినేవాళ్లు స్టేషన్ తిప్పేస్తారని భయం.

మొదటి నుంచీ రేడియోలో రికార్డులే వేసేవారా?

లేదు. అమెరికాలో ఎన్‌బీసీ 1926లో, సీబీఎస్ 1927లో మొదలయ్యాయి. ఈ నెట్‌వర్కుల్లో నాటకాలు, హాస్యం, స్టూడియోలోనే కూర్చుని వాయించే ఆర్కెస్ట్రాలు ఉండేవి. రికార్డు వేయడం చిన్న స్టేషన్ల పని అని చిన్నచూపు. 1935లో మొదలైన "యువర్ హిట్ పరేడ్" కార్యక్రమంలో కూడా ఆ వారపు హిట్ పాటలను అసలు గాయకుల రికార్డులతో వినిపించలేదు. కార్యక్రమంలోని గాయకులే పాడేవారు.

సంగీతకారులకు రికార్డులంటే కోపం ఉండడంలో న్యాయం లేకపోలేదు. ఒకసారి పాడిన పాటను స్టేషన్ వందసార్లు వేసుకుంటే స్టూడియోలో వాయించే మనిషికి పని పోతుంది. అందుకే కొన్ని డిస్కుల మీద రేడియోలో వేయకూడదని అచ్చు వేసేవారు. 1940లో అప్పీలు కోర్టు, కొనుక్కున్న రికార్డును స్టేషన్ ప్రసారం చేసుకోవచ్చని తేల్చింది. 1942 ఆగస్టు 1న జేమ్స్ పెట్రిల్లో నాయకత్వంలోని సంగీతకారుల సంఘం రికార్డింగులే మానేసింది. పెద్ద కంపెనీలతో ఆ తగువు తెగడానికి రెండేళ్లు పైనే పట్టింది.

మొదటి డిస్క్ జాకీ ఎవరు?

ఒక్క పేరు చెప్పడం కష్టం గానీ, ఇద్దరిని తప్పకుండా చెప్పాలి. లాస్ ఏంజెలెస్‌లోని కేఎఫ్‌డబ్ల్యూబీలో ఆల్ జార్విస్ 1930ల తొలినాళ్లలోనే ఊహల్లోని నాట్యశాల పేరుతో రికార్డుల కార్యక్రమం నడిపాడు. దాన్ని దేశమంతా తెలిసేలా చేసింది మాత్రం న్యూయార్క్ డబ్ల్యూఎన్‌ఈడబ్ల్యూలో మార్టిన్ బ్లాక్.

1935లో ఆ స్టేషన్, ప్రసిద్ధ పైలట్ లిండ్‌బర్గ్ బిడ్డ అపహరణ కేసు విచారణ విశేషాలు ప్రసారం చేస్తోంది. కోర్టు నుంచి కబురు రావడానికి మధ్యలో చాలా ఖాళీ. బ్లాక్ ఆ ఖాళీలో రికార్డులు వేద్దామనుకున్నాడు. స్టేషన్లో చూస్తే రికార్డులే లేవు. బయటికెళ్లి కొనుక్కొచ్చాడు. ఒకే బ్యాండ్‌వి కొన్ని పాటలు వరసగా వేస్తూ, ఆ బ్యాండ్ ఎదురుగా వేదిక మీద ఉన్నట్టు, తాను నాట్యశాలలో నిలబడి మాట్లాడుతున్నట్టు నడిపించాడు. వినేవాళ్లకు అది రికార్డని తెలుసు. అయినా ఆ గొంతు పక్కనే ఉన్నట్టుండేది. తర్వాత వచ్చిన డీజేలందరూ చేసింది ఇదే: ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు లక్షల మందితో మాట్లాడడం.

టాప్ 40 ఎలా పుట్టింది? జూక్‌బాక్స్ కథ నిజమేనా?

1950ల మొదట్లో టీవీ వచ్చి రేడియో ఇంటిని ఖాళీ చేసింది. నాటకాలు, హాస్యనటులు, పెద్ద ప్రకటనకర్తలు అందరూ అటే వెళ్లిపోయారు. స్టేషన్ల చేతిలో ఖాళీ గంటలు, ఖర్చు లేని రికార్డులు మిగిలాయి.

అప్పుడు నెబ్రాస్కాలోని ఒమాహాలో టాడ్ స్టోర్జ్ అనే యువకుడు ఉన్నాడు. బీరు తయారుచేసే కుటుంబం వాళ్లది. 1949లో తండ్రితో కలిసి కేఓడబ్ల్యూహెచ్ అనే స్టేషన్ కొన్నాడు. తన సహచరుడు బిల్ స్టీవర్ట్‌తో ఒక బార్‌లో కూర్చున్నప్పుడు, వచ్చినవాళ్లంతా జూక్‌బాక్స్‌లో, అంటే చిల్లర వేస్తే కోరిన పాట మోగించే యంత్రంలో, అవే కొన్ని పాటలు మళ్లీమళ్లీ వేయించుకోవడం చూశాడని చెబుతారు. అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. జనం వెళ్లిపోయాక, రోజంతా ఆ పాటలే విని చెవులు హోరెత్తి ఉండాల్సిన సర్వర్ అమ్మాయి తన సొంత చిల్లర వేసి మళ్లీ ఆ పాటే పెట్టుకుంది.

ఈ కథను ఊరూ ఏడాదీ మార్చి పలు రకాలుగా చెబుతారు కాబట్టి ప్రతి వివరాన్నీ పట్టుకుని వేలాడొద్దు. స్టోర్జ్ చేసిన పని మాత్రం కళ్లముందుంది. నెట్‌వర్క్ కార్యక్రమాలను పక్కనపెట్టి, అమ్ముడుపోతున్న పాటలను రోజంతా తిప్పి తిప్పి వేశాడు. టాప్ 40 అంటే ఇదే. న్యూ ఆర్లీన్స్, కాన్సాస్ సిటీ, మినియాపొలిస్, మయామీల్లో స్టేషన్లు కొని అక్కడా ఇదే పద్ధతి పెట్టాడు. 1964లో 39 ఏళ్లకే చనిపోయాడు.

జనానికి కొత్తదనం కావాలని అప్పటిదాకా రేడియో పెద్దలు నమ్మేవారు. నచ్చిన పాట మళ్లీ కావాలని ఆ అమ్మాయి చిల్లర చెప్పింది. నాకు ఈ రంగంలో ఇంతకంటే పెద్ద ఆవిష్కరణ కనిపించదు.

సరిగ్గా 40 ఎందుకు?

న్యూ ఆర్లీన్స్‌లో ఒక పోటీ స్టేషన్ టాప్ 20 కార్యక్రమం వేస్తుంటే, స్టోర్జ్ స్టేషన్ డబ్ల్యూటీఐఎక్స్ దాన్ని రెట్టింపు చేసింది. పేరు అలా నిలిచిపోయింది. తర్వాత చాలా స్టేషన్లు 30 పాటలతోనే నడిచినా పేరు మాత్రం మారలేదు.

గోర్డన్ మెక్లెండన్ పేరు ఎందుకు అంతగా వినిపిస్తుంది?

స్టోర్జ్ పాటలకు పద్ధతి ఇస్తే మెక్లెండన్ దానికి రంగులద్దాడు. డల్లాస్‌లో కేఎల్ఐఎఫ్ అతనిది. అంతకుముందు లిబర్టీ అనే నెట్‌వర్క్ నడిపాడు. అక్కడ బేస్‌బాల్ ఆటను స్టూడియోలో కూర్చుని పునఃసృష్టించేవారు: టెలిగ్రాఫ్‌లో వచ్చే రెండు ముక్కల సమాచారం చూసి, వెనక జనం కేకల రికార్డు పెట్టి, మైదానంలో ఉన్నట్టే వ్యాఖ్యానం. ఆ నెట్‌వర్క్ 1952లో మూతపడినా, శబ్దంతో బొమ్మ కట్టే విద్య అతని చేతిలో మిగిలింది.

అందుకే కేఎల్ఐఎఫ్‌లో పాటల మధ్య ఖాళీ ఉండేది కాదు. స్టేషన్ పేరు పాడే జింగిల్స్, పోటీలు, పరుగెత్తే వార్తలు. డల్లాస్‌లోనే 1951లో బిల్ మీక్స్ మొదలుపెట్టిన పామ్స్ అనే కంపెనీ ఈ జింగిల్స్‌ను దేశమంతా అమ్మింది. మెక్లెండన్ అక్కడితో ఆగలేదు. 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో కేఏబీఎల్ అనే స్టేషన్లో మెత్తని వాద్య సంగీతం పెట్టాడు. 1961లో మెక్సికోలోని టిహువానా నుంచి వార్తలు మాత్రమే ప్రసారం చేశాడు. 1966లో కేవలం చిన్న ప్రకటనలతో ఒక స్టేషన్ నడిపి చూశాడు. అది నిలవలేదు. అయినా ఒకే మనిషి ఇన్ని ఫార్మాట్లు ప్రయత్నించడం ఇంకెక్కడా చూడలేదు.

నల్లజాతి శ్రోతల కోసం స్టేషన్లు ఎప్పుడు వచ్చాయి?

ఈ ప్రశ్నను చాలా చరిత్రలు చివర్లో, ఒక పేరాతో ముగిస్తాయి. అది అన్యాయం. నల్లజాతి కళాకారుల సంగీతమైన రిథమ్ అండ్ బ్లూస్ లేకుండా టాప్ 40కి రుచే లేదు.

షికాగోలో జాక్ ఎల్. కూపర్ 1929లోనే నల్లజాతి కళాకారులతో కార్యక్రమం నడిపాడు. పెద్ద మలుపు మెంఫిస్‌లో వచ్చింది. డబ్ల్యూడీఐఏ స్టేషన్ యజమానులు ఇద్దరు తెల్లవాళ్లు. మొదట పెట్టిన కార్యక్రమాలు సాగక స్టేషన్ నష్టాల్లో ఉంది. 1948 అక్టోబరులో నాట్ డి. విలియమ్స్ అనే చరిత్ర ఉపాధ్యాయుడిని మైకు ముందు కూర్చోబెట్టారు. పగలు బడిలో పాఠాలు, బడి అయ్యాక రేడియో. స్పందన చూసి కొద్దికాలానికే స్టేషన్ మొత్తాన్ని నల్లజాతి కార్యక్రమాలకు మార్చేశారు. బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ పేరు తెచ్చుకోవడం మొదలైంది ఇక్కడే. 1954కు ఆ స్టేషన్ 50,000 వాట్లకు ఎదిగింది. అట్లాంటాలో జెస్సీ బ్లేటన్ 1949లో డబ్ల్యూఈఆర్‌డీని కొనడంతో నల్లజాతి యజమాని చేతిలో నడిచిన తొలి స్టేషన్ వచ్చింది.

రాత్రిపూట ఏఎం తరంగాలు వాతావరణం పైపొరల నుంచి వెనక్కి తిరిగి వందల మైళ్లు వెళ్తాయి. అందువల్ల నాష్‌విల్‌లోని డబ్ల్యూఎల్‌ఏసీ వేసిన బ్లూస్ ఎక్కడెక్కడో ఊళ్లలో పిల్లలు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ, దుప్పటి కింద పెట్టుకుని విన్నారు. 1954లో 49 డాలర్ల 95 సెంట్లకు రీజెన్సీ టీఆర్-1 అనే తొలి ట్రాన్సిస్టర్ రేడియో రావడంతో ఆ వినడం ఇంకా తేలికైంది. రేడియో హాల్లోంచి జేబులోకి వచ్చింది. ఏ పాట వినాలో నాన్నగారు నిర్ణయించే రోజులు పోయాయి.

అలన్ ఫ్రీడ్ ఎవరు? పేయోలా అంటే?

క్లీవ్‌లాండ్‌లో రికార్డుల దుకాణం నడిపే లియో మింట్జ్, తెల్లజాతి కుర్రాళ్లు రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు కొనుక్కెళ్లడం గమనించి, డీజే అయిన ఫ్రీడ్‌కు చెప్పాడు. ఇక్కడ కూడా మొదటి కబురు కౌంటర్ దగ్గరి నుంచే వచ్చింది చూడండి. ఫ్రీడ్ 1951 నుంచి డబ్ల్యూజేడబ్ల్యూలో ఆ పాటలు వేశాడు. "రాక్ అండ్ రోల్" అన్న పేరును ఈ సంగీతానికి జనం నోట పెట్టినవాడు అతనే. 1952 మార్చి 21న అతను పెట్టిన కచేరీకి హాలు పట్టనంత మంది విరుచుకుపడడంతో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది.

పేయోలా అంటే పాట వేయడానికి డీజేకు గుట్టుగా డబ్బు ఇవ్వడం. 1959–60లో అమెరికన్ కాంగ్రెస్ దీని మీద విచారణ జరిపింది. 1960లో చట్టం మార్చి, డబ్బు తీసుకుని ఆ సంగతి ప్రసారంలో చెప్పకపోతే నేరమన్నారు. ఫ్రీడ్ ఉద్యోగం పోయింది. 1962లో నేరం ఒప్పుకుని 300 డాలర్ల జరిమానా కట్టాడు. 1965లో 43 ఏళ్లకు పోయాడు. డబ్బు తీసుకోవడం తప్పే. కానీ అందరూ నడిచిన దారిలో శిక్ష ఎక్కువగా పడింది ఇతని మీదే అని నేను నమ్ముతాను.

ఫార్మాట్ల చరిత్రలో దీని ప్రభావం పెద్దది. స్టేషన్ యజమానులు భయపడి పాటల ఎంపికను డీజే చేతిలోంచి తీసి ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు ఇచ్చేశారు.

బిల్ డ్రేక్ ఏం మార్చాడు?

అనవసరమైనదంతా తీసేశాడు. 1965లో లాస్ ఏంజెలెస్‌లోని కేహెచ్‌జే పేరు పెద్దగా లేని స్టేషన్. డ్రేక్, అతని భాగస్వామి జీన్ షెనాల్ట్ దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ప్రోగ్రామ్ డైరెక్టర్ రాన్ జాకబ్స్. "బాస్ రేడియో" అని పేరు. జాబితాలో 30 పాటలు, కొన్ని సెకన్లలో ముగిసే జింగిల్స్, తక్కువ ప్రకటనలు. మిగతా స్టేషన్లు గంట కొట్టగానే వార్తలు చదువుతుంటే, వీళ్లు గంటకు 20 నిమిషాల ముందూ 20 నిమిషాల తర్వాతా చదివేవారు. అక్కడ వార్తలు మొదలవగానే స్టేషన్ తిప్పినవాళ్లకు ఇక్కడ పాట దొరికేది. కొన్ని నెలల్లోనే నగరంలో మొదటి స్థానం.

న్యూయార్క్‌లో డబ్ల్యూఏబీసీని నడిపిన రిక్ స్క్లార్ ఇంకా బిగించాడు. రికార్డు దుకాణాల అమ్మకాలు కనుక్కుని, మొదటి స్థానంలోని పాటను గంటకు కాస్త అటూఇటూగా మళ్లీ వేసేవాడు. విసుగు రాదా అంటారు. చాలామంది రేడియోను ఒక్క విడతలో అరగంట కూడా వినరు. ఆ కాసేపట్లో వాళ్ల పాట రావాలి.

జాబితా పైవాళ్లే ఇస్తే డీజే చేసేదేముంది?

చాలా ఉంది. రికార్డు మీద ముల్లు పెట్టి, పాట మొదలయ్యే చోటు దొరికాక డిస్కును కొద్దిగా వెనక్కి తిప్పి వేలితో ఆపి పట్టుకోవాలి. కింద టర్న్‌టేబుల్ తిరుగుతూనే ఉంటుంది, మధ్యలో మెత్తని గుడ్డ. ముందు పాట చివరి స్వరం వినబడగానే వేలు తీయాలి. ఇక పాటలో గాయకుడి గొంతు రావడానికి ముందు పది పన్నెండు సెకన్ల వాద్యం ఉంటుంది. డీజే ఆ వాద్యం మీదే మాట్లాడుతూ, గాయకుడు నోరు తెరిచే క్షణానికి తన చివరి అక్షరం ముగించాలి. ఒక్క క్షణం అటైతే పాట మీద పడతాడు, ఇటైతే గొయ్యి పడుతుంది. కేహెచ్‌జేలో రాబర్ట్ డబ్ల్యూ. మోర్గన్, "ద రియల్" డాన్ స్టీల్ దీన్ని కళగా చేశారు.

ఎఫ్ఎం ముందే ఉన్నా పాటలు అందులోకి ఆలస్యంగా ఎందుకు వచ్చాయి?

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఎఫ్ఎం పేటెంట్లు 1933లో వచ్చాయి. గరగర లేని శబ్దం. కానీ 1945లో ప్రభుత్వం ఎఫ్ఎం పౌనఃపున్యాలను 88–108 మెగాహెర్ట్జ్‌కు మార్చడంతో అప్పటికే జనం కొన్న రేడియోలు పనికిరాకుండా పోయాయి. పేటెంట్ల మీద నడిచిన కోర్టు కేసులతో అలిసిపోయిన ఆర్మ్‌స్ట్రాంగ్ 1954లో ప్రాణం తీసుకున్నాడు. ఆ పోరాటాన్ని భార్య మారియన్ కొనసాగించింది. చివరి కేసు 1967లో ఆమె పక్షాన ముగిసింది. ఈ భాగం చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

1961లో స్టీరియో ప్రసారానికి అనుమతి వచ్చింది. ఆ తర్వాత అసలు మలుపు ఒక నియమం. పెద్ద నగరాల్లో ఒకే యజమాని తన ఏఎం కార్యక్రమాలనే రోజంతా ఎఫ్ఎంలో వేయకూడదని, సగమైనా వేరుగా ఉండాలని 1960ల మధ్యలో నిర్ణయించారు. యజమానులకు టెన్షన్ పట్టుకుంది: ఇన్ని గంటలు ఏం వేయాలి?

దానికి జవాబు చెప్పింది టామ్ డొనాహ్యూయేనా?

ముఖ్యంగా అతనే. శాన్‌ఫ్రాన్సిస్కోలో టాప్ 40 డీజేగా పనిచేసి విసిగిపోయాడు. ఇంట్లో వింటున్న పెద్ద పాటల ఆల్బమ్‌లు రేడియోలో ఎందుకు రావని అనుకున్నాడు. ఒక్కో ఎఫ్ఎం స్టేషన్‌కూ ఫోన్ చేస్తూ పోతే కేఎంపీఎక్స్ ఫోన్ కట్ అయి ఉందని, బిల్లు కట్టలేని స్థితిలో ఉన్నవాళ్లయితే తన మాట వింటారని అటే వెళ్లాడని చెబుతారు. ఎక్కువగా విదేశీ భాషల కార్యక్రమాలతో నెట్టుకొస్తున్న స్టేషన్ అది. లారీ మిల్లర్ అప్పటికే అక్కడ రాత్రుళ్లు ఇలాంటి పాటలు వేస్తున్నాడు. డొనాహ్యూ 1967 ఏప్రిల్ 7న మొదలుపెట్టాడు. జింగిల్స్ లేవు, అరుపులు లేవు. ఏ పాట తర్వాత ఏది అన్నది డీజే ఇష్టం. మరుసటి ఏడాది సమ్మె చేసి బృందం కేశాన్ అనే స్టేషన్‌కు మారింది. డొనాహ్యూ 1975లో మరణించాడు.

ఆ స్వేచ్ఛను లీ అబ్రమ్స్ చంపేశాడంటారు. నిజమా?

సగం నిజం. 1970లలో అబ్రమ్స్ రికార్డు దుకాణాల్లో కార్డులు పెట్టించి, ఆల్బమ్ కొన్నవాళ్లకు ఫోన్ చేసి ఏ పాటలు నచ్చాయో అడిగించాడు. ఆ జవాబులతో ఆల్బమ్ రాక్‌కు కూడా జాబితా తయారైంది. నార్త్ కరోలినాలోని రాలీలో డబ్ల్యూక్యూడీఆర్‌తో మొదలుపెట్టి, కెంట్ బర్కార్ట్‌తో కలిసి ఎన్నో స్టేషన్లకు పంచాడు. డీజే ఎంపిక పోయింది. అదే సమయంలో, స్వేచ్ఛ పేరుతో డీజేలు తమకోసమే పాటలు వేసుకుంటున్న స్టేషన్లకు శ్రోతలు తిరిగొచ్చారు. నా మనసు డొనాహ్యూ వైపే. అయినా అబ్రమ్స్ అడిగిన ప్రశ్న సరైనదే.

బ్రిటన్ సంగతి?

అక్కడ బీబీసీ రికార్డులు వేసే గంటలకు సంగీతకారుల సంఘంతో ఒప్పందం ప్రకారం పరిమితి ఉండేది. 1964 ఈస్టర్‌కు రోనన్ ఓరహిల్లీ ఒక పాత డేనిష్ ఫెర్రీలో ట్రాన్స్‌మిటర్ పెట్టి, దేశ జలాల అవతల లంగరేసి రేడియో కరోలిన్ మొదలుపెట్టాడు. అదే డిసెంబరులో రేడియో లండన్ వచ్చింది. దాని వెనక ఉన్న డాన్ పియర్సన్ టెక్సస్ వ్యాపారి. నమూనా డల్లాస్ కేఎల్ఐఎఫ్. అంటే మెక్లెండన్ పద్ధతి పామ్స్ జింగిల్స్‌తో సహా ఓడెక్కి ఉత్తర సముద్రానికి చేరింది.

1967 ఆగస్టులో చట్టం తెచ్చి ఓడలను అడ్డుకున్నారు. సెప్టెంబరు 30న బీబీసీయే రేడియో 1 పెట్టింది. తొలి గొంతు టోనీ బ్లాక్‌బర్న్‌ది, ఓడల మీంచి వచ్చినవాడే.

"క్వయట్ స్టార్మ్" అంటే?

రాత్రిపూట మెత్తగా సాగే సోల్ పాటల ఫార్మాట్. 1976లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయ స్టేషన్ డబ్ల్యూహెచ్‌యూఆర్‌లో మెల్విన్ లిండ్సే అనే విద్యార్థి మొదలుపెట్టాడు. స్టేషన్ బాధ్యతలు చూస్తున్న క్యాతీ హ్యూస్ అతన్ని నిలబెట్టింది. పేరు స్మోకీ రాబిన్సన్ పాట నుంచి తీసుకున్నారు.

కంప్యూటర్లు ఎప్పుడు వచ్చాయి?

1979లో ఆండ్రూ ఎకనమోస్ కంపెనీ ఆర్‌సీఎస్ "సెలెక్టర్" అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఒకే గాయకుడి పాటలు దగ్గర దగ్గరగా రాకూడదు, నిన్న ఈ గంటకు వచ్చింది ఇవాళ రాకూడదు లాంటి నియమాలు ఇస్తే జాబితా అదే వేస్తుంది. 1996లో చట్టం మారి దేశవ్యాప్త యాజమాన్య పరిమితి ఎత్తేశాక క్లియర్ ఛానెల్ అనే కంపెనీ ఒక్కటే 1,200కు పైగా స్టేషన్లు కూడబెట్టింది. ఒక ఊళ్లో తయారైన జాబితా చాలా ఊళ్లలో మోగడం అప్పటినుంచి మామూలైపోయింది.

పాత ప్రసారాలను ఇప్పుడు వినగలమా?

వినగలం. "ఎయిర్‌చెక్" అని వెతకండి. డీజేలు తమ పని చూసుకోవడానికి, అభిమానులు ఇష్టంతో చేసుకున్న టేపులివి. చాలావాటిలో పాటలు కత్తిరించి ఉంటాయి. మొదటి రెండు సెకన్లు, చివరి రెండు సెకన్లు ఉంచి, మధ్యలో డీజే మాటలే మిగిల్చారు. మొదట వింతగా ఉంటుంది. పది నిమిషాలు వింటే ఆ మనిషి ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో కూడా తెలుస్తుంది.

ముందుగా డబ్ల్యూఏబీసీ ఆఖరి ఉదయం వినండి. 1970ల చివరికి ఎఫ్ఎం శ్రోతలు ఏఎంను దాటిపోయారు. 1982 మే 10 మధ్యాహ్నం 12 గంటలకు ఆ స్టేషన్ పాటలు మానేసి మాటల కార్యక్రమాలకు మారింది. చివరి మూడు గంటలు డాన్ ఇంగ్రామ్, రాన్ లండీ కలిసి నడిపారు. ఆఖరి పాట జాన్ లెనన్‌ది. తర్వాత స్టేషన్ జింగిల్ ఒక్కసారి, ఆపైన కొన్ని సెకన్ల నిశ్శబ్దం.